ఎక్కడికే నూకాలూ

మొగుడు పోలరాజు సైకిలెక్కి ఉక్కు ఫ్యాక్టరీలో బి షిఫ్టుకు పోగానే నూకాలమ్మ అంట్లు ముందేసుకుంది. చేతులు బూడిదతో అన్నం గిన్నె తోముతున్నాయి గానీ మనసు అప్పుడే గడప దాటేసింది. గోల్‌మురి బజారు వెనక యూనివర్సిటీ వాళ్లు నడిపే రాత కేంద్రంలో ఇవాళ పరీక్ష. హిందీ మాట్లాడే ఈ ఊళ్లో సొంత భాషలో నేర్పితే ఆడవాళ్ల చేతికి రాత ఎంతవరకు నిలుస్తుందో చూడాలని వాళ్ల పరిశోధన. ఇప్పటికే బోలెడు నాగాలయ్యాయి, ఇవాళా రాకపోతే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని పాఠం చెప్పే జయకుమారి తేల్చి చెప్పింది.

ఆ నాగాలకు కారణం వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. అత్త దాలమ్మ. కోడలు పలక పట్టుకుని అడుగు బయటపెట్టబోతే చాలు, "ఎక్కడికే?" అంటుంది. బయల్దేరే మనిషిని అలా అడగకూడదని ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అడిగితే వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. మూడోసారి కూడా అడిగితే ఆ రోజుకి ప్రయాణం మానుకోవాల్సిందే. మీ అత్తది నోరు కాదు, రైల్వే గేటు అని పక్కింటి పైడమ్మ వెక్కిరిస్తుంటుంది.

గిన్నెలు బోర్లించి, కొంగుకు చేతులు తుడుచుకుని, నూకాలమ్మ పిల్లిలా నడిచింది. దాలమ్మ కళ్లు మూసుకునే ఉంది.

"ఎక్కడికే?"

నూకాలమ్మ వెనక్కొచ్చి కూర్చుంది. నీళ్లు తాగింది. కాసేపాగి లేచింది.

"ఎక్కడికే నూకాలూ?"

మళ్లీ కూర్చుంది. ఈసారి నీళ్లు గబగబా తాగేసింది.

అంతలో పైడమ్మను వెంటబెట్టుకుని జయకుమారే వచ్చింది. యూనివర్సిటీ వాళ్లు వచ్చేశారట, పరీక్ష కాగితాలు కూడా పంచేశారట. ఆమె చర్చికెళ్లే మనిషి, ఈ శకునాలు ఆమెకు పట్టవు. అడిగితే అడగనీ, నడిచి వచ్చెయ్యమంది.

"నాకేటన్నా అయితే పరవాలేదు దీదీ," అంది నూకాలమ్మ మెల్లగా. "ఆయన కొలిమి కాడ పని సేత్తాడు."

జయకుమారి ఎండలోనే నిలబడింది, కదల్లేదు. ఆమె అలా నిలబడి ఉండడం చూసి నూకాలమ్మకు ఎక్కడలేని తెగువ వచ్చింది. పలక తీసుకుని గడప దాకా నడిచింది.

"నిన్నే అడుగుతన్నాను. ఎక్కడికే?"

మూడోసారి.

నూకాలమ్మ వెనక్కి తిరిగింది. నీళ్లకుండ వైపు మాత్రం పోలేదు. నేరుగా వచ్చి అత్త మంచం ముందు నిలబడింది. ఇన్నాళ్లూ ఆ మాట వినబడగానే కూలబడడమే గానీ, దానికి జవాబు చెప్పడం ఆమెకు ఇదే మొదలు.

"రాత నేర్సుకోడానికి ఎల్తన్నానత్తా. నా పేరు నాను రాసుకోడానికి. ఇయ్యాల ఆపితే రేపెల్తాను. సోటు పోతే సాపేసుకుని గుమ్మం కాడ కూకుంటాను. ఎక్కడికో నీకు అంత తెలవాలంటే నువ్వూ రా."

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇల్లు పీకి పందిరేసే మనిషి ఇప్పుడు ఊరుకోదని ఆమెకు తెలుసు. జయకుమారి కూడా ఒకడుగు ముందుకు వేసింది.

దాలమ్మ అరవలేదు. మంచం దిగి, జారిన చీర సర్దుకుంది. వంగి దిండు కింద చెయ్యి పెట్టి అరిగిపోయిన బలపం ముక్క ఒకటి తీసింది. దాన్ని కొంగున ముడేసుకుని, అందరికంటే ముందు గడప దాటింది.