గిత్త బలం

"అదెలా నడుస్తుందో చెప్పకుండా ఆడమంటే ఎలాగమ్మా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"కదిలినప్పుడు చూసి తెలుసుకోండి సార్" అంది నాజియా.

బోర్డు మీద ఆమె ఎడమచేతి మూలన, ఏనుగు ఉండాల్సిన గడిలో, మూపురం ఎత్తి మెడ వంచిన చెక్క గిత్త నిలబడి ఉంది. వార్నిష్ వాసన ఇంకా పోలేదు. నాజియా తండ్రి గౌస్ బాషా బండలాగుడు పోటీలకు గిత్తల్ని మేపుతాడు. కొత్త గిత్తను పందెంలో దించితే, బండ కట్టేదాకా దాని సత్తా పొరుగువాడికి కూడా పొక్కనివ్వడు. కూతురు ఆ పద్ధతిని తెచ్చి చదరంగంలో పెట్టింది.

నాజియా ఒకప్పుడు చదరంగంలో లక్ష్మీకాంత్ శిష్యురాలే. ఇప్పుడు గుంటూరులో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతూ, తీరిక దొరికితే కొత్త పావులు తయారుచేసి వాటి బలాబలాలు పరీక్షిస్తుంటుంది. ఆ ఆటలకు ఆదివారాలు చదరంగం క్లబ్బు హాలు ఇమ్మని ఏడాదిగా అడుగుతోంది. క్లబ్బు కార్యదర్శిగా ఆయన ససేమిరా అన్నాడు. అక్కడితో ఊరుకోక, నీ పావు ఎలా నడిచినా సరే గెలుస్తాను, ఓడితే హాలు తాళం నీదేనని నలుగురిలో నోరు జారాడు. ఇవాళ ఆ నలుగురూ వచ్చి కూర్చున్నారు. వెనక ఆయన శిష్యులు కూడా. వాళ్ల ముందు ఓడితే ఇక ఎవరికి పాఠం చెప్పగలడు?

క్లబ్బు పెద్ద శివరామకృష్ణ ఒకే షరతు పెట్టాడు. గిత్త మొదటిసారి ఎలా కదిలితే అదే దాని నడక, తర్వాత మార్చకూడదు. నాజియా సరేనంది.

ఆట మొదలైంది. కింద రోడ్డు మీద మిరపకాయల లారీ వెళ్లింది. ఘాటుకు గొంతులు గరగరలాడుతున్నా ఎవరూ దగ్గలేదు.

మామూలుగా అయితే లక్ష్మీకాంత్ మొదట్లోనే మీద పడిపోతాడు. ఇవాళ చేయి సాగలేదు. గిత్త గుర్రంలా దూకితే? రాజు ముందుకు ఒక బంటును జరిపాడు. ఏనుగులా దూసుకొస్తే? దానికి అడ్డంగా తన ఏనుగును పెట్టాడు. దున్నుకుంటూ వచ్చి అడ్డమైనవన్నీ తొక్కేస్తే? ఇంకో బంటును కూడా కాపలాకి దించాడు.

నాజియా చేయి గిత్త మీదికి వెళ్లింది. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"సర్దుతున్నాను" అని, గిత్తను గడి మధ్యకు జరిపి, ఆమె వేరే బంటును నడిపింది.

అలా మరోసారి సర్దింది. ఆయన మరో ఎత్తు కాపలాకి ఖర్చుపెట్టాడు.

కాసేపటికి ఆయన శకటుకు దారి తెరుచుకుంది. గిత్త ఊరికే దొరుకుతోంది, దానికి కాపలా ఏదీ లేదు. చేయి శకటు దాకా వెళ్లి ఆగిపోయింది. ఈ పిల్ల ఇంత తేలిగ్గా ఇస్తుందా? ఎర అయ్యుంటుంది. శకటును వెనక్కి లాగి రాజు పక్కన పెట్టుకున్నాడు. వెనక శిష్యుడు మాలిక్ ఉసూరుమన్నాడు. ఆయన తల తిప్పి కోపంగా చూశాడు.

ఆ ఎత్తుతో అవతలి పక్క ఖాళీ అయింది. నాజియా మంత్రి అటునుంచి దిగింది. వెంట గుర్రం వచ్చింది. ఒక ఏనుగు ఇచ్చుకున్నాడు, ఒక గుర్రం ఇచ్చుకున్నాడు. అప్పుడు కూడా ఒక కన్ను మూలన ఉన్న గిత్త మీదే ఉంది.

"చెక్‌మేట్ సార్."

లక్ష్మీకాంత్ బోర్డును అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే గడి లేదు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పేరు శిష్యుల ముందు మట్టి కొట్టుకుపోయింది. ఏడుపొక్కటే తక్కువ. అయినా మాట మాటే కదా, జేబులోంచి తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు.

తర్వాత గిత్తను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఆటంతా దీన్ని చూసే హడలి చచ్చాను. ఒక్క గడి కూడా కదల్లేదు. ఇప్పుడైనా చెప్పమ్మా, ఇదెలా నడుస్తుంది?"

నాజియా తాళంచెవి తీసుకుని లేచింది.

"దానికి నడక ఇంకా పెట్టలేదు సార్."