పదకొండో పీపా

"ఇంకా పులుస్తూనే ఉందా?" మంచుకు తడిసిన టోపీ తీయకుండానే అడిగాడు ప్రెస్కాట్. ఇళ్లూ భూములూ అమ్మిపెట్టే మనిషి. ఈ పని మీద కొండెక్కి రావడం ఇది నాలుగోసారి.

"పొద్దున్నే చెవి ఆనించి విన్నాను. బుసబుసమంటూనే ఉంది," అంది నెరీనా.

ఒప్పందం అలా రాసుకున్నారు మరి. సముద్రం మీది మంచు ఎక్కివచ్చే ఈ నాలుగెకరాల తోటలో నెరీనా ముప్పై రెండేళ్లుగా షార్డనే అనే తెల్ల వైన్ తీస్తోంది. ఏడాదికి పదకొండు పీపాలు, అంతే. ఈ ఏటిదే ఆఖరు. పీపాలన్నీ పులిసి సద్దుమణిగిన రోజున తాళాలిచ్చేసి, భర్త వాల్డోతో శాక్రమెంటోలో ఎండ తగిలే చిన్న ఇంటికి వెళ్లిపోవాలి. పది పీపాలు క్రిస్మస్‌కే నెమ్మదించాయి. పదకొండోదే ఫిబ్రవరి వెళ్లిపోతున్నా మొండికేసిందంటుంది నెరీనా.

"కొన్న ఈస్ట్ కాస్త కలిపితే త్వరగా అయిపోతుందటగా, మేడం?"

"ఇన్నేళ్లూ ద్రాక్షతొక్క మీద ఉన్నదాంతోనే పులియబెట్టాను. ఆఖరేడు బుద్ధి మార్చుకోమంటావా? చలికి దానికీ బద్ధకమే. నాకు మాత్రం సరదానా? వేళ్లు వంగట్లేదు, నడుం పోయింది. ఇవాళ అయిపోతే ఇవాళే పోతాను."

"ఆ మాట నవంబర్ నుంచీ వింటున్నా," అన్నాడు వాల్డో. అతను ఒకప్పుడు పీతల పడవ నడిపాడు. ఈ చెమ్మకు మోకాళ్లు పట్టేసి, తన సామానంతా ఎప్పుడో పెట్టెల్లో సర్దేసుకున్నాడు. శాక్రమెంటో ఎండ గురించి రోజుకు పదిసార్లు చెప్పి ఆమె ప్రాణం తీస్తున్నాడు. "ఇవాళ నేనే పోయి వింటా."

"పీతలు పట్టేవాడివి, నీకేం తెలుస్తుంది?"

"చెవులున్నాయిగా."

"మెట్లు తడిగా ఉన్నాయి, వాల్డో. వద్దు."

అతను వినలేదు. గోడ పట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. నెరీనా కాఫీ పోసింది. సగం సాసర్లో పడింది.

"కొన్నవాళ్లు తొందరపడుతున్నారు," అన్నాడు ప్రెస్కాట్ నీరసంగా. "ఎండాకాలంలోపు తీగలన్నీ పీకించి ఈతకొలను తవ్విస్తారట."

నెరీనా బల్ల మీద ఒకేచోట గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. ఆమెకు ఎంత అలసటగా ఉందంటే, కూర్చుంటే మళ్లీ లేవలేననిపించింది.

పది నిమిషాలకు వాల్డో పైకి వచ్చాడు. కుర్చీలో కూలబడి మోకాళ్లు రుద్దుకున్నాడు.

"ఏమైంది?" అడిగాడు ప్రెస్కాట్.

"లోపల పెద్ద గొడవే జరుగుతోంది. ఏప్రిల్ దాకా తెమిలేట్టు లేదు."

"మీరు సరిగ్గానే విన్నారా?"

"చెవి ఆనించి మరీ విన్నా. నమ్మకం లేకపోతే నువ్వూ దిగు. నీ బూట్లు ఏమైనా నన్నడక్కు."

ప్రెస్కాట్ తన బూట్ల వంక చూసుకున్నాడు. నిట్టూర్చి, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కారు చప్పుడు కొండ దిగి మంచులో కలిసిపోయింది.

వాల్డో గోడ పక్కనున్న పెట్టె ఒకటి లాగి, దాని టేపు చించి, ఉన్ని మేజోళ్లు బయటికి తీసుకున్నాడు.

"శాక్రమెంటో ఎక్కడికీ పోదులే," అన్నాడు తలెత్తకుండా.

నెరీనా గుడ్డ పక్కన పడేసి, అతని పక్కన కూర్చుంది.

పదకొండో పీపా మూగబోయి అప్పటికి నెల దాటింది.