ఆకుపచ్చ మరక

మా రెండు నెలల పాప మూడోసారి కక్కిన చప్పుడు విని, బట్టలకు రంగులద్దే షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చాను.

“పసిపిల్లలన్నాక కక్కుకోరా? మీ ఆయన నా భుజం మీద కక్కని రోజు లేదు,” అంది అత్తయ్య, తలెత్తకుండా పాప మూతి తుడుస్తూ.

తువాలు మీద ఆకుపచ్చ మరక.

“చేతులు కడుక్కుని పిల్లనెత్తుకోమంటే వింటావా నువ్వు? చూడు, దీనికీ రంగు పూశావు.”

నిజమే, మా ఇంట్లో రంగు అంటని గుడ్డ లేదు. అయినా పాప ఏడుపు సన్నబడిపోయింది. ఆసుపత్రి నర్సుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

“కక్కింది ఏ రంగులో ఉంది?”

“ఆకుపచ్చ. కానీ అది మా అద్దకం రంగేనండి.”

“ఖాయమేనా? లోపలి నుంచి ఆకుపచ్చగా వస్తే పేగు మెలిపడి ఉండొచ్చు. ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.”

అత్తయ్య తలెత్తి, ఫోన్ పట్టుకున్న నా చేతి వంక చూసింది. నేనూ చూశాను. మోచేతి దాకా ఎరుపు. వారం రోజులుగా మేం తొట్టెల్లో కలుపుతున్నది ఎరుపు ఒక్కటే.

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య పాపను భుజానేసుకుని, చెప్పులైనా లేకుండా వీధిలోకి దిగింది.