మూడు నీళ్ళు

"మూడు నీళ్ళలో కడిగావా తల్లీ?"

వంటావిడకు ఒళ్ళు మండిపోయింది. రోజూ ఆ పెద్దాయనది ఇదే పాట. బడి వంటగది గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి, ఆకుకూర ఉడికిన గిన్నెకేసి చూస్తూ అదే ప్రశ్న.

"మూడు కాదు, ముప్ఫై నీళ్ళలో కడిగాను. లోపలికొచ్చి కూర్చోండి," అంటూ ఆవిడ పళ్ళెం కాస్త గట్టిగానే బల్లమీద పెట్టింది.

ఆ బడిలో ఒక నియమం ఉంది. పిల్లలకు వడ్డించే ముందు ఇళ్ళ నుంచి పెద్దలెవరో ఒకరు వచ్చి తినాలి. తిన్నాక అరగంట ఆగి, అప్పుడు గంట కొట్టాలి. వంతులవారీగా పేర్లు రాసి గోడకు అంటించారు కూడా. కానీ వంతు ఎవరిదైనా వచ్చేది మాత్రం ఈ పెద్దాయనే. పనులున్నవాళ్ళంతా హమ్మయ్య అనుకుని ఆయన మీదికి తోసేసి చేతులు దులుపుకున్నారు.

తినడం కూడా మామూలుగా తినడు. ముందు పచ్చి ఆకు ఒకటి నమిలి, ఆ తర్వాత కూర ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. ఉప్పు ఎక్కువైందనడు, తక్కువైందనడు. అరగంటసేపు గడియారం ముల్లునే చూస్తూ కూర్చుంటాడు. గంట మోగి పిల్లలు బిలబిలా రాగానే వెనక తలుపులోంచి జారుకుంటాడు.

అక్కడినుంచి తోటలోకి. ఒక్కో తరగతికి ఒక్కో మడి ఉన్న ఆ తోటలో, ఆకు ఆకూ తిప్పి చూసి పురుగుల్ని చేత్తో ఏరి డబ్బాలో వేస్తాడు. పిల్లలు ఆయనకు పురుగుల తాత అని పేరు పెట్టేశారు.

"ఎంత ఏరినా నాకొచ్చేవి చిల్లుల ఆకులే. జల్లెడకు బదులు వాడుకోవచ్చు," అంది వంటావిడ ఆ రోజు పెద్ద మేడంతో. "అయినా మేడం, రోజూ వచ్చి తింటాడు కదా, ఆయన మనవలు ఏ తరగతిలో ఉన్నారు? ఒక్కరూ తాతా అని దగ్గరికి పోరేం?"

మేడం ఆ బడికి వచ్చి ఏడాదే అయింది. ఆవిడ గొంతు తగ్గించింది.

"మనవరాలు రెండో తరగతిలో ఉండేదట. నాలుగేళ్ళ కిందట తోటలో కోసిన ఆకుకూర తిని పిల్లలు జబ్బుపడ్డారు కదా. అందరూ కోలుకున్నారు. ఆ పిల్ల ఒక్కతే..."

వంటావిడ చేస్తున్న పని ఆపేసింది.

"అప్పటి వంటమనిషి ఆకులు కడగకుండా వండేసిందట," మేడం చెప్పుకుపోతోంది. "మన తోటలో పురుగుమందుల వాడకం మొదటినుంచీ లేదు. కాబట్టి కడగకపోవడమే కారణమని తేల్చి ఆవిణ్ణి పంపేశారు. ఈ రుచి చూసే నియమం అప్పుడు పెట్టిందే."

ఆ కథ వంటావిడకు ఒకరు చెప్పనక్కర్లేదు. అప్పటి వంటమనిషి ఆమె కన్నతల్లి. వీధిలోకి వస్తే జనం మొహం తిప్పుకుని పోతుంటే, తలుపేసుకుని మంచానపడి, "మూడు నీళ్ళలో కడిగానే అమ్మా, నువ్వైనా నమ్మవే," అంటూనే పోయింది. అత్తారి ఊరి నుంచి వచ్చిన కూతురు నమ్మానని చెప్పింది. కానీ మనసులో ఏ మూలో, పని తొందరలో అమ్మ నిజంగానే మరిచిపోయిందేమోనన్న అనుమానం ఉండిపోయింది. ఆ మచ్చ ఎలాగైనా కడగాలనే, ఎవరి కూతురో చెప్పకుండా ఈ పనిలో చేరింది.

చేరి ఏం చేసింది? పిల్లను పోగొట్టుకున్న మనిషిని ఉచిత భోజనానికి వచ్చేవాడనుకుని పళ్ళెం విసురుగా పెట్టింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చెయ్యి తుడుచుకుని తోటలోకి నడిచింది. పెద్దాయన రెండో తరగతి మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"తాతా, మీకో మాట చెప్పాలి. చెప్పాక నన్ను తిట్టినా కొట్టినా పడతాను."

ఆయన తలెత్తాడు.

"అప్పుడు ఇక్కడ వండింది మా అమ్మ."

పెద్దాయన చేతిలోని డబ్బా కిందపడింది. పురుగులు మట్టిలోకి పాకిపోయాయి. ఆయన వాటిని ఏరలేదు.

"మీ అమ్మ... ఎలా ఉంది?"

"రెండేళ్ళయింది పోయి. కడిగాననే చెబుతూ పోయింది. కడిగిందో లేదో నాకు తెలీదు తాతా. కడగకపోయినా కావాలని చేసుండదు. మా అమ్మను క్షమించానని ఒక్కసారి అనండి. మీ నోటితో అంటే చాలు." ఆమెకు ఏడుపు ఆగలేదు. కాళ్ళు పట్టుకోబోయింది.

ఆయన నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగాడు.

"పట్టుకోకు తల్లీ! నీకు దణ్ణం పెడతాను, నా కాళ్ళు పట్టుకోకు. ఆ రోజు మీ అమ్మ కూడా ఇలాగే గేటు దగ్గర కనబడ్డ ప్రతివాడి కాళ్ళూ పట్టుకుంది. మూడు నీళ్ళలో కడిగానంటూ. నేనక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు."

"మనవరాలు పోయిన బాధలో ఉన్నారు, మీరేం మాట్లాడగలరు?"

"కడిగింది, తల్లీ. మీ అమ్మ కడిగింది. నాకు తెలుసు."

"మీకెలా తెలుసు?"

ఆయన మడిలోని ఒక మొక్కను వేళ్ళతో నిమిరాడు.

"ఇది మా పిల్ల నాటిన మడి. తన ఆకులు పురుగులు తినేస్తున్నాయని, రేపు అందరికీ చాలవని, ముందురోజు నా మెడ పట్టుకుని ఒకటే ఏడుపు. చూడలేకపోయాను."

"అయితే?"

"ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఈ ఆకుల మీద పురుగుమందు కొట్టింది నేనే."