చెంప ఆనించి చూసే మనిషి

చర్చి వెనక హాల్లో కొత్తావిడ బొంతను నేలమీద పరిచి, దానిమీద బోర్లా పడుకుని, చెంప ఆనించింది.

కుడుతున్న ఆడవాళ్ళందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మెత్తగా ఉందా? దిండు కూడా వెయ్యమంటావా?" అంది దర్జీ పెద్దమ్మ.

హాలంతా ఘొల్లుమంది. భయాలక్క మాత్రం నవ్వలేదు.

ఆమెను అసలు పేరుతో పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు. గాలి వీస్తే కిటికీ రెక్క ఊడి పడుతుందని భయం, వీయకపోతే పిల్లకి ఊపిరాడదని భయం. ఒక్కగానొక్క కూతురు, దానికి ఉబ్బసం. ఇంట్లో వదిలితే ఏమవుతుందోనని ఎక్కడికెళ్ళినా వెంటేసుకునే వెళ్ళేది.

ఆ లూథరన్ చర్చిలో ఆడవాళ్ళు ఏటా బొంతలు కుడతారు. పాత దుప్పట్లు, కర్టెన్లు, విడిచిన చొక్కాలు ముక్కలు చేసి అతుకుతారు. పైగుడ్డ, మధ్యలో దూది, అడుగుగుడ్డ. మూడూ జరగకుండా గుండుసూదులు గుచ్చి, అక్కడక్కడా దారంతో ముడులేశాక సూదులు తీసేస్తారు. మూలన చర్చి పేరు కుడతారు. సగం బొంతలు ఊళ్ళో నిలవనీడ లేనివాళ్ళ వసతిగృహానికి. మిగతా సగం, వరదొచ్చిందనో భూమి కంపించిందనో ఏ దేశం గోడు వినిపిస్తే ఆ దేశానికి, ఓడలో.

కొత్తావిడ ఆ వసతిగృహం నుంచే వచ్చింది. ఊరు కాని ఊరు, భాష కాని భాష. కుట్టడం రాదంది, కుట్టినవి మడతపెడతానంది. మడతపెట్టే ముందు ప్రతిదానికీ ఇదే వరస. ఒకవైపంతా చెంపతో తడమడం, తిప్పి రెండోవైపు తడమడం.

మధ్యమధ్య దగ్గేది.

ఆ దగ్గు వినగానే భయాలక్క దర్జీ పెద్దమ్మ పక్కకి జరిగింది.

"పెద్దమ్మా, విన్నావా? అది మామూలు దగ్గు కాదు. మనం కుట్టినంతసేపూ నా పిల్ల పడుకునేది ఆ బొంతలమీదే."

"నీ పిల్లను నా చాపమీద పడుకోబెట్టు. చీమ తుమ్మినా నీకు గాలివానే!"

"నా పిల్ల సంగతి సరే. అవి వెళ్ళేచోట పిల్లలుండరా? బొంతతోపాటు జబ్బు కూడా మూటగట్టి పంపుదామా?"

పెద్దమ్మ నవ్వడం ఆపేసింది. కీడెంచి మేలెంచమన్నారు కదా మరి.

మాట పాస్టరమ్మగారి దాకా పోయింది. ఆవిడ ఇబ్బంది పడుతూనే కొత్తావిడను పిలిచింది.

"ఎందుకమ్మా అలా పడుకుంటావు?"

కొత్తావిడ ఒక్కో మాటా కూడబలుక్కుంది. "సూది ఉండిపోతే... చేతికి తెలీదమ్మా. పని చేసే చెయ్యి మొద్దు. చెంపకి తెలుస్తుంది. పడుకునేవాళ్ళు... చెంపే కదా పెడతారు."

దర్జీ పెద్దమ్మకు రోషమొచ్చింది. "నీ పుట్టుకకి ముందునుంచీ కుడుతున్నా. గుచ్చిన సూది తియ్యడం నాకు తెలీదా? పెట్టే చేతికే వంకలు పెడుతున్నావే!"

కొత్తావిడ తల దించుకుంది.

"పిల్లలు తిరిగే చోటమ్మా, ఏమనుకోకు," అంది భయాలక్క, కూతుర్ని తన వెనక్కి లాక్కుంటూ. "ఆ దగ్గు తగ్గాక వద్దువుగానిలే."

కొత్తావిడ ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూసింది.

"సరేనమ్మా," అని వెళ్ళిపోయింది.

హమ్మయ్య, ఒక గండం గడిచిందనుకుంది భయాలక్క.

బొంతలు పంపే ముందు ఆదివారం వాటిని చర్చిలో బెంచీలమీద పరుస్తారు. సంఘమంతా వాటికే ఆనుకుని కూర్చుంటుంది. పాస్టరయ్యగారు చేతులు చాచి వాటిని దీవిస్తారు.

దీవెన సగంలో ఉండగా, నిద్రకి తూగుతున్న భయాలక్క కూతురు పక్కకి ఒరిగి బొంతమీద చెంప వాల్చింది.

వాల్చీ వాల్చగానే కెవ్వుమంది.

"అమ్మా, గుచ్చింది!"

కంటి కిందే, గోరంత దూరంలో, ఎర్రటి చుక్క.

భయాలక్క పిల్లను గుండెకి హత్తుకుంది. దీవెన ఆగిపోయింది.

దర్జీ పెద్దమ్మ బొంతను చేత్తో తడిమింది. ఏమీ తగల్లేదు. మళ్ళీ తడిమింది. చివరికి మోకాళ్ళమీద వంగి చెంప ఆనించింది.

"ఓరి దేవుడా," అంటూ దూదిలోంచి గుండుసూది లాగింది.

ఆ పూట ఎవరూ ఇంటికి పోలేదు. బొంతలన్నీ నేలమీద పరిచి, ఆడవాళ్ళందరూ బోర్లా పడుకుని చెంపలతో వెతికారు. మరో రెండు సూదులు దొరికాయి.

"ఇవంటే మన చేతిలో ఉన్నాయి. మరి పోయినేడు పంపినవో? అంతకుముందువో?" అందెవరో.



భయాలక్క పిల్లనెత్తుకుని వసతిగృహానికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. కాళ్ళు పట్టుకునైనా సరే ఆవిడను వెనక్కి తీసుకురావాలి.

వంటావిడ గిన్నెలు తోముతూ తలెత్తింది.

"ఆవిడా? కూతుర్ని తీసుకుని నిన్ననే వెళ్ళిపోయిందమ్మా. ఎక్కడికో చెప్పలేదు."

"కూతురుందా? మేమెప్పుడూ చూడలేదే!"

"మీ పిల్లంతే ఉంటుంది. బయటికి తీసుకెళ్తే పిల్లలు ఏడిపిస్తారని గదిలోనే ఉంచేది." వంటావిడ చేతులు తుడుచుకుంది. "అయితే మీకేం చెప్పలేదన్నమాట! వాళ్ళ దేశంలో వరదలొచ్చి ఇల్లు కొట్టుకుపోతే, గుడారంలో పంచిన బొంత మీ చర్చిదేనట. దానిమీది పేరు పట్టుకుని వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చింది."

"మమ్మల్ని... తిట్టడానికా?" అంది భయాలక్క.

"నేనూ అదే అడిగానమ్మా. 'ఆ చలికి వాళ్ళ బొంతే నా పిల్లను బతికించింది, తిట్టడానికి నోరెలా వస్తుందక్కా. ఆ బొంతలో ఉండిపోయిన సూదికే దాని కన్ను పోయిందని చెప్పడానికీ నోరు రావట్లేదు' అంది."