మురుగులో మంచినీళ్లు

కొల్లేటి ఊళ్లలో నీటి మండలి కొలిచి వదిలే కుళాయి తప్ప తాగడానికి మరో చుక్క దొరకని కాలమది.

కొండబాబు తన రొయ్యల చెరువు మురుగుకాలవలో నీళ్లు ఎంత చెడ్డాయో కొలవడానికి మండలి బిగించిన మీటరును కుళాయి నీళ్ల బిందెలో ముంచి ఉంచాడు. మండలి తరఫున తనిఖీకి వచ్చిన సత్యవేణి ఆ బిందెను చూసింది. కుళాయి రాకముందు ఈ మురుగు ఊరిన బావి నీళ్లు తాగి ఆమె తల్లి మంచం పట్టి పోయింది. బిందె తీయిస్తే జరిమానా కట్టి నవ్వేస్తాడు. అందుకే తీయించలేదు.

"మా నీళ్లెలా ఉన్నాయమ్మా?" అన్నాడతను మీసం దువ్వుతూ.

"తేటగా ఉన్నాయండి. తాగొచ్చంటోంది మీటరు. నిజమేనని వేలిముద్ర వెయ్యండి."

వేశాడు.

"మురుగే మంచినీళ్లయినోళ్లకి కుళాయి ఇవ్వకూడదని మండలి రూలండి. రేపట్నుంచి ఈ కాలవ నీళ్లే మీ ఇంటికొస్తాయి."

మీసం మీద చెయ్యి ఆగిపోయింది. "ఇయ్యి తాగే నీళ్లా అమ్మా!"

"కావని రాసివ్వండి. చెరువు పర్మిట్ రద్దు చేసి, కుళాయి ఉంచుతాను."

కొండబాబు చెరువు వంక చూశాడు.

సత్యవేణి గ్లాసుతో కాలవ నీళ్లు ముంచి అతని చేతికిచ్చింది.

"అలవాటైపోద్దండి. మా అమ్మ ఆరేళ్లు తాగింది."