నిమిషానికి పదిహేను లీటర్లు

"ఈ ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపు వస్తుందన్నా?" అంబులెన్స్‌లో తండ్రి పక్కన కూర్చున్న కూతురు అడిగింది.

"ఆ లెక్కలు నాకు రావమ్మా. ఆరువందల లీటర్లుంది, నిమిషానికి పదిహేను పోతోంది. ఆస్పత్రికి ఇంకా గంట," అన్నాడు అటెండరు.

ఆమెకు సూత్రం తట్టలేదు. "సూత్రం మరిచిపోతే యూనిట్లని అడుగు," అనేవాడు ఫిజిక్స్ మాస్టారైన తండ్రి. లీటర్లను నిమిషానికి లీటర్లతో భాగిస్తే మిగిలేవి నిమిషాలు. నలభై!

ఆమె తండ్రి వైపు తిరిగి నవ్వు తెచ్చుకుంది. "గంటన్నర వస్తుంది నాన్నా."

మాస్కు కింద తండ్రి రొప్పాడు. "హెచ్చించావా... భాగించావా?"



తండ్రి చెయ్యి చాచి సిలిండర్ నాబ్‌ను పది లీటర్లకు తగ్గించాడు. "ఇప్పుడు చెయ్యవే లెక్క, మొద్దూ."

సరిగ్గా గంట. ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆమె నాబ్ పట్టుకుందిగాని, తిరిగి పదిహేనుకు తిప్పలేకపోయింది.